నాన్న బొమ్మ ఉన్న పేజీ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎవరింట్లోనైనా గోడకి మనిషి బొమ్మ వేలాడుతోందంటే ఆ మనిషి లేడని అర్థం. బతికున్నవాళ్ళ ఫొటోలు ట్రంకుపెట్టెలో బట్టల అడుగున ఉండేవి. పోయినవాళ్ళవే గోడెక్కి, బొట్టు పెట్టించుకుని, దండ వేయించుకునేవి. ఈ సంగతి మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పకుండానే పిల్లలందరికీ తెలుసు. అలా తెలిసిన సంగతిని నమ్ముకుని నేనొక పని చేశాను. నాకింకా నలభై నిండలేదు గానీ, పదిహేనేళ్ళకే పెళ్ళి చేసి పంపడంతో అప్పుడే అమ్మమ్మను కూడా అయ్యాను. ఐదో తరగతితో ఆగిన చదువుతో ఇప్పుడిది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ఊరు పిడుగురాళ్లకి దగ్గర. తొంభైల చివరి సంవత్సరాలవి. ఊరంతా పత్తే వేసేవారు. ఆ ఏడు కాయ పట్టే వేళకి పచ్చపురుగు దిగింది. ఏ మందు కొట్టినా చావలేదు. ఒక మందుకి లొంగకపోతే రెండు కలిపారు, రెండూ చాలకపోతే మూడు కలిపారు. డ్రమ్ములో చేత్తోనే కలిపేవారు. మూతికి తువాలు చుట్టుకుంటే అదే రక్ష అనుకునేవారు. ఊరంతా ఒకటే వాసన. మంచినీళ్ళలో అదే, అన్నం ముద్దలో అదే. గట్ల మీద గడ్డి కోసి గేదెలకి వెయ్యొద్దని పెద్దవాళ్ళు చెప్పారు. చేల మీద కాకులు వాలడం మానేశాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మందు కొట్టే మోటారు పంపుల మోత తప్ప మరో చప్పుడు వినిపించేది కాదు.

ఆ రోజుల్లోనే మా ముందుగదిలో ఒక సాయిబుగారు అద్దెకి దిగాడు. అంతకుముందు ఆయన వారపత్రికల్లో కథలకి బొమ్మలు వేసేవాడట. ఆ పని తగ్గిపోయాక పురుగుమందుల ప్రకటనలు గోడల మీద రాయడానికి ఊళ్ళు తిరుగుతున్నాడు. మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది, నాన్న బావా అని పిలిచేవాడు, నాకు ఆయన బొమ్మల మామయ్య. పగలు గోడకి సున్నం కొట్టి, దాని మీద పచ్చటి సీసా, పక్కన పళ్ళన్నీ కనబడేలా నవ్వే రైతు బొమ్మ వేసేవాడు. సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి, దారంతో తనే కుట్టుకున్న లావుపాటి పుస్తకం తెరిచేవాడు. అందులో గీసేవాళ్ళు ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. పంపు భుజానికెత్తుకున్నవాళ్ళు, డ్రమ్ము దగ్గర కూలబడ్డవాళ్ళు, తువాలు విప్పి ఊపిరి పీల్చుకునేవాళ్ళు. అందరూ మా ఊరివాళ్ళే.

"ఇది ఎవరు కొంటారు మామయ్యా?" అని అడిగానొకసారి.

"ఎవరూ కొనరు తల్లీ. గోడ మీద బొమ్మ కంపెనీది. ఇది నాది. నూరుమంది అయ్యేదాకా గీస్తా."

అప్పటికి నలభై పైచిలుకు అయ్యారు. కింద తేదీ వేసి, ఎన్నో మనిషో అంకె వేసేవాడు. ఒక్కొక్క కన్నుకే అరగంట తీసుకునేవాడు. కొనేవాళ్ళు లేని పనికి ఇంత పెన్సిలెందుకు అరగదీస్తున్నాడా అని నాకు లోపల ఒకటే బాధ.

మా ఎదురింటి బాబాయి ఆ పుస్తకంలోకి ఎక్కిన కొద్దిరోజులకే చేలో మందు కొడుతూ పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఇంట్లో ఆయనది వేరే ఫొటో లేదు, రేషన్ కార్డు మీద అందరితో కలిసి ఉన్న గింజంత మొహం తప్ప. వాళ్ళు వచ్చి అడిగితే మామయ్య తన పుస్తకంలోని బొమ్మ చూసి పెద్దగా వేసిచ్చాడు. అది గోడెక్కింది. తర్వాత ఆయన గీసిన ఇంకొకాయన్ని గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణంతో వచ్చాడు గానీ మంచం దిగలేదు.

ఇక మంచినీళ్ళ చేతిపంపు దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"ఆ సాయిబు పుస్తకంలోకి ఎక్కితే ఇంటి గోడ మీదకి ఎక్కినట్టేనంట."

"అందుకే నేను మా ఆయన్ని ఆ వీధికే పోవద్దన్నా."

"ఓసి నీ మొగుడా! ఆ మొహం చూస్తే పెన్సిలే ఇరిగిపోద్ది. నీకేం భయం లేదులే."

వాళ్ళు నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. బిందె సగం నిండకుండానే ఎత్తుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు మామయ్య గది ఊడుస్తుంటే కిటికీలో పుస్తకం కనబడింది. పేజీలు తిప్పాను. మా నాన్న ఉన్నాడు. పదిహేను రోజుల కిందటి తేదీ ఉంది. భుజాన పంపు, చెవికి బీడీ, నేరేడు పళ్ళలాంటి కళ్ళు. ఆ కళ్ళు ఎంత బాగున్నాయంటే నాకు ఏడుపొచ్చింది. కుట్టు దారం వదులు చేసి ఆ ఒక్క కాగితమే లాగి, నీళ్ళ కాగు కింద మంటలో పెట్టాను. కాలుతుండగా చూస్తే రెండోవైపు ఖాళీగా ఉంది. మంచి కాగితం దండగైందే అనుకున్నాను. ఆ వెంటనే, పోనీలే, నాన్న దక్కాడు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం నాన్న చేలోంచి వచ్చి వసారాలో కూలబడ్డాడు. చలికాలం. ఒంటి మీద చొక్కా పిండితే కారేలా ఉంది. మాటిమాటికీ ఉమ్మి ఊస్తున్నాడు.

"మబ్బు పట్టిందేంటే? వానొచ్చేట్టుంది," అన్నాడు అమ్మతో.

అమ్మ బయటికి చూసింది. నేనూ చూశాను. ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. వాకిట్లో ఎండ కళ్ళు పొడిచేస్తోంది. అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

సాయంత్రం మామయ్య వచ్చాడు. నాన్న ఎదురుగా కూర్చుని పుస్తకం తెరిచి, నా కళ్ళముందే మళ్ళీ నాన్నని గీయడం మొదలుపెట్టాడు. ఒక పేజీ కాల్చాను సరే, ఈయన మళ్ళీ ఎక్కిస్తున్నాడే! కన్ను దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. దగ్గరికి జరిగి నాన్న మొహంలోకి చూశాడు. తర్వాత గబగబా వెనక పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.

"బావా, రేపు చేలోకి దిగమాక."

"ఏం, మా పురుగుల్తో నీకేమన్నా చుట్టరికమా?"

"నవ్వులాట కాదు. నీ కంటిపాప ఆవగింజంతైంది. మొన్న గీసినప్పుడు ఇట్టా లేదు. ఎదురింటాయన పడిపోయే ముందురోజు చూశా, ఆయనదీ ఇంతే. నాకప్పుడు తెలియలా."

"ఏదీ, మొన్నటిది చూపించు. చూసి అప్పుడు ఆగుతా."

మామయ్య పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. వేలాడుతున్న దారం దగ్గర ఆగాడు.

"ఇక్కడే ఉండాలే," అన్నాడు మెల్లగా.

నాన్న పగలబడి నవ్వాడు. నవ్వులో దగ్గొచ్చింది. "నా కళ్ళు నేను పుట్టిన కాణ్ణించీ ఇంతే. కొత్త కోడల్లాగా అద్దంలో చూసుకుంటా కూర్చుంటానా ఏంటి?"

"అన్నయ్య అంతగా చెప్తుంటే ఒక్కరోజు ఆగరాదూ," అంది అమ్మ.

"నేనాగితే పురుగు ఆగుద్దా?"

అప్పుడు మామయ్య నావైపు తిరిగాడు. "తల్లీ, ఊడ్చేటప్పుడు ఇందులోంచి కాగితమేమన్నా జారిపడిందా?"

"లేదు మామయ్యా," అన్నాను.

భయపడి అబద్ధం చెప్పానని అనుకుంటారేమో. భయం కాదు. ఆ కాగితం గురించి చెబితే మామయ్య సగంలో ఆపిన బొమ్మ పూర్తిచేసి నాన్నని మళ్ళీ ఆ పుస్తకంలోకి ఎక్కిస్తాడని నా లెక్క. చెప్పకుండా నాన్నని కాపాడుతున్నానని గర్వంగా కూడా ఉంది. ఆ గర్వాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పొద్దున్నే నాన్న పంపు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. పొద్దెక్కాక అమ్మ అన్నం గిన్నె కట్టిచ్చి నన్ను పంపింది. గాలి లేదు. మందు పొగ చేల మీద నుంచి కదలకుండా తెల్లగా పరుచుకుని ఉంది. దూరం నుంచే చూశాను. మా గట్టు మీద మామయ్య కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో పుస్తకం. నాన్న ఎటు నడిస్తే అటే ఆయన తల తిరుగుతోంది. గోడ పని మానుకుని మరీ వచ్చి కూర్చున్నాడు. పరిగెత్తాను.

"ఇంక గీయొద్దు! మా నాన్నని వదిలెయ్!" అని అరుస్తూ పుస్తకం లాగేశాను.

పేజీలో ఏమీ లేదు. పెన్సిలు ఆయన చెవి వెనకే ఉంది. ఆయన నావైపు చూడను కూడా లేదు.

"పంపు చప్పుడు ఇనమ్మా," అన్నాడు.

విన్నాను. మోత వస్తూనే ఉంది, కానీ ఒకే చోట నుంచి వస్తోంది. మొక్కల మీద నాన్న తల కనబడలేదు.

మామయ్య సాళ్ళకడ్డంగా పరిగెత్తాడు. నాన్నని భుజాల కింద చేతులేసి గట్టుకి ఈడ్చుకొచ్చాడు. నాన్న నోటి నుంచి నురగ. ఒళ్ళంతా ఎగిరెగిరి పడుతోంది. "నీళ్ళు! బోరు నీళ్ళు!" అన్నాడు మామయ్య, చొక్కా చింపేస్తూ. నేను అన్నం గట్టు మీద పారబోసి, ఆ గిన్నెతోనే బోరు దగ్గర నుంచి నీళ్ళు మోశాను. ఎన్నిసార్లు మోశానో తెలియదు. నా చేత్తో అన్నం పారబోసింది నా బతుకులో అదొక్కసారే. పక్క చేలో ట్రాక్టరు వాళ్ళు వచ్చి టౌన్లో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు.

మూడో రోజున గానీ నన్ను అక్కడికి తీసుకెళ్ళలేదు. నాన్న మంచం మీద ఉన్నాడు. చేతులు కట్టేశారు. ఇంజెక్షన్ల మధ్యలో ఏదో కలవరిస్తున్నాడు. మంచం పక్కన బల్ల మీద మామయ్య కూర్చుని ఉన్నాడు, పుస్తకంతో. నాకిక లాగేసే ధైర్యం లేదు. దగ్గరికెళ్ళి చూశాను. పేజీ నిండా నాన్న కళ్ళే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, కింద తేదీ, వేళ. డాక్టరుగారు కూడా వచ్చినప్పుడల్లా ఆ పేజీ తీసుకుని చూసి వెళ్తున్నారట.

"ఇందా, నువ్వు చూసి చెప్పు," అన్నాడు మామయ్య. నాన్న కనురెప్ప మెల్లగా ఎత్తి పట్టుకున్నాడు. "నిన్నటి కంటే పెద్దదా, చిన్నదా?"

నేను వంగి చూశాను. నాన్న కళ్ళలోకి అంత దగ్గరగా అంతకుముందెప్పుడూ చూడలేదు. పెద్దదే అన్నాను. ఎంత పెద్దదని అడిగాడు. మిరపగింజంత అన్నాను. సరిగ్గా అంతే గీశాడు. అప్పుడు నాకు అర్థమైంది, ఆయన కళ్ళ దగ్గర అంతసేపు ఎందుకు కూర్చునేవాడో. అక్కడే ఏడ్చేశాను. పొయ్యిలో పెట్టింది నేనేనని చెప్పేశాను.

"తెలుసులే," అన్నాడు. "పెద్దోళ్ళైతే పుస్తకం మొత్తం తగలేసేవాళ్ళు. కుట్టు చెడకుండా ఒక్క కాగితం లాగింది పొదుపు తెలిసిన పిల్లే."

నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

"బొమ్మ ఎవర్నీ ఏమీ చెయ్యదు తల్లీ. నేను చూసింది అందులో ఉంటది, అంతే. ఎదురింటాయన కళ్ళు చూసి కూడా ఏంటో తెలియక నేను నోరు మూసుకున్నా. నువ్వు కాగితం సంగతి తెలిసీ మూసుకున్నావు. ఇద్దరం ఒకటే."

ఆ మాట ఆయన నాకోసం అన్నాడో, తనకోసం అనుకున్నాడో నాకు తెలియదు. నాన్నకి చెప్పమని గానీ, చెప్పొద్దని గానీ అనలేదు. "అడిగితే మాత్రం దాచమాక" అన్నాడు.

నాన్న బతికాడు. చేతులకి వణుకు పోలేదు. అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళేలోగా సగం ఒళ్ళో రాలేది. మరుసటి ఏడు నుంచి ఆ చేలో శనగ వేశాం. బొమ్మల మామయ్య మందు ప్రకటనలు రాయడం మానేసి, చీమకుర్తి వైపు లారీలకి రంగులు వేసే పనికి వెళ్ళిపోయాడు. వెళ్ళేనాటికి పుస్తకంలో డెబ్బై మందికి పైగా అయ్యారు. మా నాన్నని రెండుసార్లు గీసినా ఒక్కరిగానే లెక్కపెట్టుకున్నాడు. నూరు నిండాయో లేదో కబురు తెలియలేదు. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళున్నాడు. ఆ పేజీ ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు. అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు. ఆయన రాలిన మెతుకులు ఏరుకుంటుంటే పక్కన కూర్చుని నేనూ ఏరేదాన్ని.

ఇప్పుడు మా అల్లుడు మిరపకి మందు కొడతాడు. చేలోంచి రాగానే వాకిట్లో నిలబెట్టి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పుతాను. "అత్తయ్యా, మళ్ళీ మొదలెట్టారా!" అని విసుక్కుంటాడు. కూతురు నవ్వుతుంది. చూసింది చెప్పేదాకా అన్నం పెట్టను. పోయిన పంటకారులో ఒకరోజు ఆ కళ్ళు నాకు నచ్చలేదు. రేపు వెళ్ళొద్దన్నాను. మీకేం తెలుసన్నాడు. పోట్లాడాడు, అలిగి అన్నం మానేశాడు. నేను గడపకడ్డంగా కూర్చున్నాను. నాలుగు రోజులు చేలోకి వెళ్ళలేదు. ఆ నాలుగు రోజుల్లో పురుగు సగం తోట తినేసింది, దానికి ఇప్పటికీ నన్నే అంటాడు. ఆ రోజు వెళ్ళుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలియకపోవడమే నాకు కావాలి.