నేను నీలమ్మత్తకు ముక్కయిన రోజులు

మొన్న మా అమ్మాయి బజారు నుంచి ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చింది. పొట్లాన్ని ఒంటికి తగలకుండా చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని వచ్చింది. విప్పకముందే నాకు తెలిసిపోయింది, అవి వానకు తడిసి మళ్ళీ ఎండినవని. ఎండలో ఏకబిగిన ఎండిన నెత్తలికి కొత్త గడ్డి వాసన ఉంటుంది. తడిసి ఎండినదానిది పాత గోనెసంచి వాసన. నా కళ్ళు మసకబారాయి, సంతల్లో అరిచి అరిచి గొంతు ఎప్పుడో బొంగురుపోయింది, ముక్కు మాత్రం నిలిచింది. ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుంటే, ఈ ముక్కు నాకిచ్చిన మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టయింది. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

నీలమ్మత్త నాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. అరవయ్యేడో అరవయ్యెనిమిదో సంవత్సరంలో నా పెనిమిటి సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. పాలు తాగే పిల్లను పట్టుకుని నేను గోడ చూస్తూ కూర్చుంటే, ఒక పొద్దున ఆమె వచ్చి ఖాళీ గంప నా ముందు పడేసింది. "ఓలే గుంటా, కూకుని ఏడ్సినా ఏడుపే, నడుస్తా ఏడ్సినా ఏడుపే. నెగు, గంపెత్తు" అంది. ఆమె కూడా మొగుణ్ణి పోగొట్టుకున్నదే. ఒడ్డున పడవల దగ్గర చేప కొనడం, ఉప్పేసి ఎండబెట్టడం, బస్సు మీద గంపలెక్కించి రాజాం సంతకు తీసుకెళ్ళడం ఆమె పని. ఆ రోజు నుంచి నా పని కూడా అదే.

ఆమె వ్యాపారమంతా ముక్కు మీద నడిచేది. పడవ ఒడ్డుకు రాగానే ఒక గుప్పెడు తీసి వాసన చూసి తలూపేది. ఆ తలూపుకి తిరుగు లేదు. సంతలో రైతుల ఆడవాళ్ళు కూడా చేపను చూసేవాళ్ళు కాదు, "నీలమ్మ వాసన సూసిందేనా?" అని అడిగి గుడ్డలో పోయించుకునేవాళ్ళు. మా పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. ముట్టు రోజుల్లో ఆడది పడవ మీద, వల మీద చెయ్యి వేయకూడదు. ముట్టు ఆగిపోయిన ఆడదానికి ఆ అడ్డు లేదు. నీలమ్మత్తకు ఆగి ఏడాది దాటింది కనుక అందరికంటే ముందు పడవ దగ్గరకు పోయి, ఏరి తీసుకునేది. అది ఆమెకు దొరికిన పెద్దరికం.

ఆ పెద్దరికంతో పాటే ఆవిర్లూ వచ్చాయి. ధనుర్మాసం చలిలో సంతంతా దుప్పట్లు కప్పుకుని ఉంటే, ఆమె రవిక చెమటకు ఒంటికి అంటుకుపోయేది. గుండెల దగ్గర పుట్టిన సెగ మెడ మీదుగా మొహానికి ఎక్కేది. తాగే నీళ్ళ కడవ ఎత్తి నెత్తిన పోసుకునేది. నిద్ర లేదు, ఊరికే కోపం. "నా ఒంట్లో ఎవులో కుంపటెట్టినారే" అనేది. విజయనగరంలో ఆడ డాక్టరు ఉందని సంతలో ఎవరో చెబితే ఇద్దరం వెళ్ళాం. డాక్టరమ్మ పరీక్ష చేసి, "ముట్టు ఆగినప్పుడు ఒంట్లో ఊరే రసం తగ్గిపోతుందమ్మా, అందుకే ఈ మంటలు" అని చెప్పి చిన్న తెల్ల బిళ్ళలు ఇచ్చింది. కొన్నాళ్ళకే సెగలు చల్లారాయి. నీలమ్మత్త హాయిగా గుర్రు పెట్టి నిద్రపోతుంటే, ఆ చప్పుడుకు నాకే నిద్ర పట్టేది కాదు.

కానీ బిళ్ళ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. కాళ్ళు నీరు పట్టాయి. రొమ్ములు సలిపి, గంప ఎత్తినప్పుడల్లా పళ్ళు బిగించేది. అన్నిటికంటే పెద్దది, వికారం. తెల్లారి ఒడ్డుకు వెళ్ళేసరికి కడుపులో తిప్పేది. చేప వాసన తగిలితే చాలు, కొంగు నోట్లో కుక్కుకునేది. ఎవరికీ చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. చేపలమ్మే మనిషికి చేప వాసన పడదంటే ఇంకేముంది?

అలా దాచిపెట్టుకోబట్టే ఒక తప్పు జరిగింది. ఒక పొద్దున అప్పన్న పడవ వచ్చింది. అప్పన్న ఆమె మొగుడికి అన్న. పడవలో కవ్వళ్ళ చేపలు వెండిలా మెరుస్తున్నాయి. ఆమె గుప్పెడు తీసి, మొహం చిట్లించి, ఇసకలోకి విసిరేసింది. "నిన్నటి సేప కలిపినావు బావా. కంపు కొడతన్నాది" అంది. మా వాళ్ళలో అంతకు మించిన తిట్టు లేదు. అప్పన్న వల కింద పడేసి, "ఇయేల్టి నుంచి నా పడవలో సేపతోక కూడా నీకు దక్కదు నీలమ్మా" అన్నాడు. అతని మాట మీద మిగతా పడవలూ మొహం తిప్పుకున్నాయి. చేప లేనిదే సంత లేదు. సంత లేనిదే మా రెండు ఇళ్ళలోనూ పొయ్యి లేదు.

మళ్ళీ విజయనగరం వెళ్ళాం. "ఇయి నాకొద్దమ్మా, మంటలే నయం" అని నీలమ్మత్త బిళ్ళలు బల్ల మీద పెట్టేసింది. డాక్టరమ్మ, "ఎప్పుడు వేసుకుంటున్నావు?" అని అడిగింది.

"మందు ఎప్పుడేసుకుంతారమ్మా? సూరీడు పుట్టకముందు, పరగడుపున, తూరుపు తిరిగి. పచ్చెం కూడా సేస్తన్నాను. వొంకాయ ముట్నేదు, పులుసు ముట్నేదు."

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. నాటు మందుకు మా పెద్దలు పెట్టిన నియమమంతా ఆమె ఈ బిళ్ళకు కట్టబెట్టింది! ఖాళీ కడుపున బిళ్ళ మింగి, ఆ వికారం పైకి లేచే వేళకు సరిగ్గా చేపల మధ్యకు పోతోంది. ఇక నుంచి రాత్రి కడుపు నిండా తిన్నాక వేసుకోమంది. బిళ్ళను సగం చేసింది. నెలలో కొన్ని రోజులు ఆపమంది, ఆ రోజుల్లో కాస్త ముట్టు కనిపిస్తే భయపడవద్దు, వేరే రోజుల్లో కనిపించినా, ఒక్క కాలే వాచి నొప్పి పుట్టినా ఆ క్షణమే రమ్మంది. "కాళ్ళ వాపుకి ఉప్పు తగ్గించు" అంది.

"ఉప్పుసేప అమ్ముకునేదాన్ని ఉప్పు తగ్గించమంతావేటి తల్లీ!" అంది నీలమ్మత్త. బస్సులో మాత్రం గుంభనంగా కూర్చుంది. ఊరు వచ్చే ముందు, "ముక్కు సెడినాదని దాసినాను. దాస్తే సేప కుల్లినట్టే మాటా కుల్లిపోతాదే" అంది.

మర్నాడు సరాసరి ఒడ్డుకు నడిచింది. అప్పన్న వల బాగుచేసుకుంటూ తలెత్తలేదు. చుట్టూ మగవాళ్ళు. ఆమె ఏం చెప్పబోతోందో తెలిసి నేను కొంగు పట్టి లాగాను. "అత్తా, మగోల్లున్నారు."

"ఉంతే? ఆల్లమ్మలకి ఆగనేదేటే?" అని నన్ను కసిరి, అతని ఎదురుగా నిలబడింది. "బావా, నీ సేప మంచిదే. సెడింది నా ముక్కు. ముట్టాగినాక ఒల్లు మండిపోతంతే బిల్ల మింగతన్నాను. ఆ బిల్లకి నాకు మల్లెపూవిచ్చినా కంపే. నిన్ను అనకూడని మాటన్నాను."

ఎవరూ నవ్వలేదు. అప్పన్న చేతిలో సూది ఆగింది. "మీ అక్కకీ అదే మంట" అన్నాడు మెల్లగా. అతని భార్యను నీలమ్మత్త అక్క అనేది. "గాలి సోకినాదని సోదికి తీసికెల్లినాను. దానికేటి సెప్పమంతావు?"

"నా ఎనకాల బస్సెక్కమని సెప్పు."

అప్పన్న లేచాడు. కానీ బేరగాడు బేరగాడే. "అది సరే, నీ ముక్కు బాగయ్యేదాకా నా సేపకి తలూపేదెవులు?" అన్నాడు. నీలమ్మత్త నన్ను ముందుకు తోసింది. "ఇదిగో, నా ముక్కు."

"ఈ గుంటా?" అని అతను వెటకారంగా నవ్వి, నన్ను కళ్ళు మూసుకోమని రెండు చేతుల్లోనూ రెండు గుప్పిళ్ళు పోశాడు. వికారంతో ఉన్న రోజుల్లో ఆమె ముక్కు మూసుకుని, వాసనలను జ్ఞాపకం మీద నాకు చెప్పేది. తాజా చేపకు తన వాసన ఉండదట, నీళ్ళ వాసనే ఉంటుందట. పూట గడిస్తే తడి ఇనుము వాసన వస్తుందట. కుడిచేతిలో సముద్రం ఉంది. ఎడమచేతిలో ఇనుము. "ఎడమది నిన్నటిది" అన్నాను. అప్పన్న నా గంప తీసుకుని తనే నింపాడు.

రాత్రి బిళ్ళకు నెమ్మదిగా వికారం తగ్గింది, నీలమ్మత్త ముక్కు ఆమెకు తిరిగొచ్చింది. బిళ్ళ ఆపే రోజుల్లో ముట్టు కనిపిస్తే పడవకు దూరంగా కూర్చుని, "ఈ వొయిసులో మల్లీ పెద్దమనిసినయినాను, పేరంటాలని పిలండే!" అని అరిచేది. ఆ రోజుల్లో నేనే వెళ్ళేదాన్ని. "మనిద్దరికీ ఒకేపాలి రాకుండా సూడు తల్లీ" అని అమ్మవారికి మొక్కుకునేది. తర్వాత డాక్టరమ్మ బిళ్ళలు మాన్పించేనాటికి మంటలు వాటంతట అవే సన్నగిల్లాయి. ముక్కు బాగయ్యాక కూడా ఆమె నన్ను వెనక్కి పంపలేదు. ఒక గుప్పెడు తాను చూసి, ఒక గుప్పెడు నాకిచ్చేది. ఆమె పోయేదాకా అలాగే జరిగింది. తర్వాత రాజాం సంతలో "ఆ బొంగురుగొంతు ఆవిడ వాసన చూసిందా?" అని అడగడం నా చెవులతో విన్నాను.

మొన్న మా అమ్మాయి పొట్లం దూరంగా పెట్టి, కంచం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోయింది. ఈమధ్య పంకా కింద కూర్చున్నా మొహం ఎర్రబడడం నేను చూస్తూనే ఉన్నాను. వీధి గదిలో అల్లుడున్నాడు. ఉంటే ఉన్నాడు. "డాక్టరు బిళ్ళలిచ్చిందా? ఎప్పుడు వేసుకుంటున్నావే?" అని గొంతు తగ్గించకుండానే అడిగాను. అది ఉలిక్కిపడి, "పొద్దున్నే, పరగడుపున" అంది. నాకు నవ్వాగలేదు. తిన్నాక వేసుకోవచ్చేమో రేపే డాక్టరును అడగమన్నాను. ఆ నెత్తళ్ళు కొట్టువాడికి తిరిగి ఇచ్చేయమన్నాను, తడిసినవని.

"ఇవన్నీ నీకెలా తెలుసమ్మా?" అంది.

"రెండూ ఒక మనిషి దగ్గరే నేర్చుకున్నాను. కూకో, సెప్తాను" అన్నాను.