వేలికి అందే కొలత

ఆ గదిలో ఉన్నవి: ఒక గ్యాస్ బర్నర్, కాలితో తొక్కే గాలితిత్తి, గోడవారన గాజు గొట్టాల కట్టలు, కిటికీ మీద రేవు నుంచి వచ్చిపడే బొగ్గు ధూళి, నా డ్రాయింగు. మనుషులం ఇద్దరం. కాలేజీ వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్లుగా గాజు ఊదుతున్న మేస్త్రీ, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరి నుంచి వచ్చి, డిప్లొమా ముగించి అక్కడే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన నేను. డెబ్బైల చివర.

ఓడ అడుగు గదుల్లోకి కూలీలు దిగేముందు అక్కడి గాలిని పట్టి పరీక్షించడానికి పన్నెండు గాజు బుడ్లు కావాలని రేవు నుంచి అడిగారు. ఆకారం నేను గీశాను. బుడ్డి లోపల సన్నటి గొట్టం. దాని కొన అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల పైన ఆగాలి. మొదటి మూడింటిలో అడుగును తాకేసింది.

"కొలత చూడలేదా మేస్త్రీగారూ?"

"నీ గీతలు నానేటి సదివేది? నువ్వే సదువు బావూ."

చదివాను. మర్నాడూ చదవమన్నాడు. మూడోరోజు కాగితాన్ని తలకిందులుగా చేతికిచ్చాను. అలాగే పట్టుకుని తలూపాడు. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"రెండేళ్లవుతాది. మంట కనిపిస్తాది. గాజు మెత్తబడ్డం సేతికే తెలుస్తాది. సన్న గీతలే ఆనవు. వచ్చే నెల కంటి పరీక్షంట. ఈ సేతులకి ఇంకో పని రాదు. ఎవరికీ సెప్పకు."

చెప్పలేదు. కానీ ఆ బుడ్లను నమ్మి మనుషులు ఓడలోకి దిగుతారు. ప్రతిదీ వెర్నియర్ కొలబద్దతో నేను కొలిచాకే బయటికి వెళ్లాలన్నాను. ఒప్పుకున్నాడు.

డ్రాయింగు మానేసి, ఉక్కు రేకులో కొలత కోసి తెచ్చాను. ఒక చివర గాడి, రెండో చివర అడ్డు. గొట్టాన్ని బుడ్డి మెడకు అతికించేచోట ఉండే ఉబ్బు గాడిలో కూర్చుంటే కొన అడ్డుకు తగలాలి. రేకు అంచును బొటనవేలితో తడిమి, బల్ల మీద పడేశాడు.

"ఇది గాజుని గీసేత్తాది. గీత పడ్డ సోటే రేపు పగుల్తాది. ఉక్కు ఊరోడివని అన్నిటికీ ఉక్కేనేటి? సెక్కతో సేసీ."

టేకు చెక్కతో చేశాను. గొట్టాన్ని అందులో ఆనించి, కొనను గోరుతో చూసుకుని, అప్పుడు అతికించేవాడు. నేను కొలిచిన వాటిలో ఒక్కటీ తిప్పి పంపవలసి రాలేదు. తొమ్మిది బుడ్లు సరిగ్గా వచ్చాక, పని మధ్యలో కంటి పరీక్ష రోజు వచ్చింది.

"రెండో వరుస కాడ ఆగిపోనాను బావూ," అన్నాడు తిరిగొచ్చి.

మంట దగ్గర కూర్చోకూడదని రాసి, స్టోర్‌లో వేశారు. అక్కడి పని చీటీలు చదివి సామాను ఇవ్వడం. ఒక్కరోజు వెళ్లాడు. ఆ సాయంత్రం సొంతూరికి పోయే ఎలమంచిలి పాసింజరు బండి ఎక్కినవాడు మళ్లీ రాలేదు.

గాజు ఊదే మరో మనిషి దొరకలేదు. పన్నెండు బుడ్లకు గాను రేవుకు తొమ్మిది పంపాం.