అడ్డగీత లేని భిన్నాలు

మొన్న మా మనవరాలు ఫోనులో లెక్కల పాఠం తెరిచి భిన్నాలు చదువుకుంటుంటే, అంకెల మధ్య చక్కగా నిలిచిన అడ్డగీతను చూస్తూ ఉండిపోయాను. ఆ గీత కోసం తిరుపతిలో మేము పడ్డ పాట్లు గుర్తొచ్చాయి. కంప్యూటరు నేర్చుకుంటే చాలు, ఎలాగైనా బతికేయొచ్చని అందరం నమ్మిన ఆ రెండువేల తర్వాతి తొలి ఏళ్ళు మీకూ గుర్తుండే ఉంటాయి.

మా పెద్దనాయన కొడుకు, నాకు అన్న, బస్టాండు దగ్గర మేడమీది గదిలో వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు పెట్టాడు. ఎన్నో ఏళ్ళ ముందే పెళ్ళై తిరుపతికి వచ్చిన నేను అతని దగ్గరే పని నేర్చుకుని అక్కడే కుదురుకున్నాను. పాఠం ఒకచోట, పేజీ మూస ఒకచోట ఉంచితే రెంటినీ కలిపి పేజీ తయారుచేసే టెంప్లేట్ ఇంజిన్ ఒకటి అన్న సొంతంగా రాసుకున్నాడు. దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడు, కసురుకునేవాడు కూడా. ఊళ్ళోని ఒక కోచింగ్ సెంటరువాళ్ళు తమ లెక్కల పాఠాలన్నీ ఇంటర్నెట్లో పెట్టించాలనుకుని, నమూనాకు కొన్ని పాఠాలు ఇచ్చి చేసి చూపించమన్నారు. ఆ పని దక్కితే ఆఫీసు నిలుస్తుంది, లేకుంటే మూసేసి మా సొంతూరు ఐరాలకు పోయి మడక పట్టి పొలం దున్నుకోవాల్సిందే.

ఆ పాఠాలు ఎక్స్‌ఎంఎల్ అనే కంప్యూటరు పద్ధతిలో రాసి ఉండేవి. అందులో ప్రతి ముక్కకూ ఒక పేరుంటుంది. లెక్కల ముక్కలకైతే ఆ పేరు ముందు, ఇది ఫలానా వంశానిది అని చెప్పే చిన్న గుర్తు ఉంటుంది. ఆ వంశం పూర్తి చిరునామా పాఠం మొదట్లోనే రాసి ఉంటుంది. అన్న ఆ గుర్తును మన ఇంటిపేరు లాంటిదే అనుకున్నాడు. "మనూర్లో ఇంటిపేరు పెట్టి ఎవురు పిలస్తారు పాపా? అది కాగితాల్లోకే గదా" అని, దాన్ని కత్తిరించేయమని ఇంజిన్‌కు ఎప్పుడో చెప్పిపెట్టాడు. వంశం తెలియకపోయేసరికి బ్రౌజరు గీతను ఎగరగొట్టి అంకెలను పక్కపక్కన పేర్చేది. ఒకటి బై రెండు కాస్తా పన్నెండయ్యేది.

నవ్వుకున్నాం గానీ లోపల దిగులే. కత్తిరించడం మానేసినా సరిపోలేదు, ఒకే వంశానికి ఒక్కో మాస్టారు ఒక్కో గుర్తు వాడారు, ఇంజిన్‌కేమో ఒక్క గుర్తే తెలుసు మరి. చివరికి గుర్తు ఏదైనా కానీ, చిరునామాను చూసే ముక్కను పోల్చుకునేలా ఇంజిన్‌ను ఇద్దరం విప్పి మళ్ళీ కట్టాం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినా నేను ఐరాల పిల్లనే కదా, అలాగన్నమాట.

గీతలు వచ్చిన రోజు అన్న గంతేసినంత పని చేసి, వెంటనే కోచింగ్ సెంటరుకు ఫోను చేశాడు. పని అప్పటికే మద్రాసువాళ్ళకు ఇచ్చేశారట. ఫోను పెట్టేసి తెరమీది గీతను వేలితో చూపించి, "పోనీలే పాపా, బాగానే వచ్చిండాది గదా" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు ఆగలేదు.

ఆఫీసు మూతపడింది. అన్న సేద్యంలోకి దిగాడు, మళ్ళీ కంప్యూటరు ముట్టలేదు. కొన్నేళ్ళకు గుండె ఆగి పోయాడు. ఇప్పుడు ఆ తంటాలన్నీ బ్రౌజర్లే పడుతున్నాయి, పిల్లలకు ఆ బాధ తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. అయినా మనసు ఊరుకోదు. అన్న ఇంజిన్ సరిగ్గా తీసిన ఆ పాఠాలను ఏ విద్యార్థీ చదవలేదు. వాటిని చూసినవాళ్ళం లోకంలో మేమిద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే.