గుండీలక్క పడేసిన ముక్కలు

బస్సు కొండమలుపు దాటిందో లేదో వెనక చక్రం తుస్సుమంది. ప్రయాణికులు దిగి తలో దిక్కూ చెదిరారు. వాళ్లలో ఒక ముసలావిడ మైలురాయి మీద కూర్చుని, కండక్టరు చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. చొక్కా అతని ఒంటి మీదే ఉంది. సూది గుచ్చుకుంటుందేమోనని అతను ఊపిరి బిగబట్టి వంగి నిలబడ్డాడు. ఆవిడ గుండీ అడుగున దారాన్ని మూడు చుట్లు చుట్టి, పళ్లతో పుటుక్కున తెంపింది.

ఆ మూడు చుట్లు చూసి, బస్సు దిగి అటుగా వస్తున్న కత్తెర ఆగిపోయాడు. చొక్కాల కార్ఖానాలో బట్ట కత్తిరించేవాడు కనక అందరూ అతన్ని అలాగే పిలిచేవారు. పని మానేసి జుట్టు నెరిసినా ఇంకా ఆ పేరుకే పలుకుతాడు.

"గుండీలక్కా!"

ఆవిడ కళ్లు చికిలించింది. "కత్తెరా? ఒరేయ్, ఇంత పొట్టేంట్రా! మిగిలిన బట్టంతా నువ్వే తిన్నావా?"

ఇరవై ఆరేళ్ల తర్వాత వినపడిన గొంతు. పక్కన చతికిలబడగానే అతనికి ఇస్త్రీ ఆవిరి వాసన ముక్కుకు తగిలినట్టయింది. రేకుల కప్పు, కిటికీ అద్దాల మీద నూలు ధూళి, పొడవాటి కోత బల్ల. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే ఆ బల్ల మీద పోకర్ మొదలయ్యేది. చేతికి రెండు ముక్కలు, బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా అయిదు. పందెం గుండీలు.

గుండీలు కుట్టే పని చేసే గుండీలక్క పది పంపకాల్లో తొమ్మిదిసార్లు పందెం కాయకుండా ముక్కలు బోర్లా పడేసేది. మగవాళ్లు ఎగతాళి చేసేవారు: "అక్కకి ముక్కలు పట్టుకుంటే చేతులు కాల్తాయి!" ఆ పదోసారి మాత్రం వాళ్ల గుండీలన్నీ ఊడ్చుకుపోయేది. కత్తెరకు ఆట నేర్పింది ఆవిడే. "ఆసు కనపడగానే ఎగరకు. పక్కనున్నదెవరో చూడు. ఆసు పక్కన రాజుంటే ఊరేగు. వేరే రంగు ఏడుంటే పైన పటారం, లోన లొటారం. ఒకే రంగులో తొమ్మిదీ పదీ వస్తే, చివర పందెం మాట్లాడే వంతు నీదైతే ఉంచుకో. ముందు మాట్లాడాల్సొస్తే వదిలెయ్."

పేకాట దాకా ఎందుకు, రాజ్యాలు పోగొట్టుకున్నవాళ్ల చరిత్రలు తిరగేసినా అదే తేలుతుంది. చెడ్డ ముక్కలొచ్చి మునిగినవాళ్లు తక్కువ. బాగున్నట్టు కనపడే ముక్కల్ని నమ్మి మునిగినవాళ్లే ఎక్కువ. సరే, ఆ గోల మనకెందుకు.

కార్ఖానా మూతపడే వారంలో యజమాని తమ్ముడి కొత్త షాపులో ఒక్క చోటు ఉందన్నారు. అర్హులు ఇద్దరే, గుండీలక్కా, కత్తెరా. ఎవరిని పంపాలో తేల్చలేక మేస్త్రీ, "మీరే తేల్చుకోండి" అన్నాడు. ఇద్దరూ కోత బల్ల ముందు కూర్చున్నారు. భోజనాల గంట ముగిసేసరికి ఎవరి ముందు ఎక్కువ గుండీలుంటే చోటు వాళ్లది.

ఆట చివరికొచ్చింది. గుండీలు ఇద్దరికీ సమానం. చెరో గుండీ బల్ల మధ్య పెట్టాక కత్తెరకు ఆసూ ఏడూ వచ్చాయి, రంగులు వేరు. పెళ్లయి నెల కాలేదు, గది అద్దెకు తీసుకుని పది రోజులు. నేర్చుకున్న పాఠమంతా గాలికి పోయింది. గుండీలన్నీ ముందుకు తోసేశాడు. గుండీలక్క తన ముక్కలు ఒకసారి చూసి, "నా వల్ల కాదురా" అని బోర్లా పడేసింది. మళ్లీ పంచేలోగా గంట మోగింది. రెండు గుండీల తేడాతో చోటు కత్తెరది. అక్క పడేయడం కొత్తేం కాదు కనక ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ షాపు జీతంతోనే కత్తెర ఇల్లు కట్టాడు, పిల్లల్ని పెంచాడు.

"అక్కా, ఒక్కటి అడగాలి" అన్నాడు. ఇరవై ఆరేళ్లుగా దాచుకున్న మాట. "ఆ రోజు గెలిచే జత, రెండు రాజుల్ని ఎందుకు పడేశావ్?"

ఆవిడ దారం చుడుతున్నదల్లా ఆగింది. "రాజులని నీకెవరు చెప్పారు?"

"అందరూ వెళ్లాక... తిప్పి చూశాను."

ఆ కార్ఖానాలో తిట్టుకున్నా ఊరుకునేవారు, గుండీ దాచినా నవ్వేసేవారు. పడేసిన ముక్కలు మాత్రం ఎవరూ తిప్పేవారు కాదు. అది పడేసినవాళ్ల సొంతం.

"చూశావా!" ఆవిడ గొంతు సన్నబడింది. "ఎప్పుడు? ఆ రోజేనా?"

"ఆ రోజే. మొదటి జీతం తీసుకున్నప్పుడు నీకు దణ్ణం పెడదామని వెతికాను. నువ్వప్పటికే ఊరు మారావు. ఆ షాపులో పనికి కూర్చున్న ప్రతిరోజూ నువ్వే గుర్తొచ్చేదానివి. ఇది నీ చోటు కదా అని."

గుండీలక్క అతని కేసి చూసింది. కోపమో జాలో అతనికి అంతుబట్టలేదు.

"పిచ్చి సన్నాసీ! గెలిచానని దర్జాగా కూర్చుంటావనే కదరా నేను పడేసింది! ఇన్నేళ్లూ ఒకళ్లు పెట్టింది తిన్నట్టు కూర్చున్నావా?"

"మరి నువ్వు..."

"నా సంగతి నాది. చక్కగానే బతికాను."

సూదీ దారం సంచిలో వేసుకుని లేచింది. చక్రం బిగించడం అవనే లేదు. కండక్టరు "అమ్మా, ఐదు నిమిషాల్లో బయల్దేరతాం" అని కేకేశాడు. ఆవిడ రానన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపి, వెనక్కి తిరక్కుండా, రోడ్డు వెంబడి వంపులోకి నడిచి వెళ్లిపోయింది.