లైబ్రరీకి రాసిచ్చిన వల

"నా వల వంతు లైబ్రరీకియ్యి మే," అన్నాడు మీ మామ.

"ముందు గంజి తాగు," అన్నా నేను.

అంతే. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. రెండు గుక్కలు మింగి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పొద్దు వాలేసరికి రొమ్ములో ఆ గరగర ఆగిపోయింది. రాసినావా పాపా? గంజి సంగతి కూడా రాయి, తీసెయ్యబాక. నా గొంతు చేపలమ్మి చెడిపోయింది, వినపడకపోతే మళ్ళీ అడుగు.

చదివేవాళ్ళకి మా పాలెం సంగతి తెలియదు గదా, అది కూడా చెప్తా. పడవ ఒడ్డుకొచ్చినాక చేపల్ని ఇసక మీద కుప్పలు పోస్తారు. పడవకో వంతు, వేటకి పోయిన మనిషికో వంతు, వలకో వంతు. మనిషి పోయినా ఆయన వల నీళ్ళల్లో దిగతా ఉన్నన్నాళ్ళు దాని వంతు పెళ్ళానికొస్తది. నాకు పిల్లల్లేరు, పొలం లేదు. ఆ వంతే నా కూడు. ఆయన అడిగింది దాన్ని.

లైబ్రరీ అంటే ఏ మేడో అనుకుంటారేమో. రెండు అర్రల పెంకుటిల్లు, రెండు బీరువాలు, ఒక బల్ల. సాయంత్రం పూట బడి అయ్యవారు పేపరు పైకి చదివేవాడు. సేద్యం చేసే ఊరివాళ్ళు లోపల బెంచీల మీద కూర్చునేవాళ్ళు, మా మొగోళ్ళు బయట అరుగు మీద. ఎవరూ బయటుండమని చెప్పలేదు, ఒంటి మీద చేపల వాసనని వీళ్ళే లోపలికి పోలా. ఒకరోజు అయ్యవారు కుర్చీ తెచ్చి గడప కాడ వేసుకున్నాడంట, అటూ ఇటూ వినపడేట్టు. ఆ కుర్చీని మీ మామ చచ్చేదాకా మర్చిపోలేదు.

ఇంటికొచ్చి, నేను చేపలు తోముకుంటా ఉంటే, విన్నదంతా నాకు చెప్పేవాడు. ఏదో దేశం వాళ్ళు ఒక కుక్కని ఆకాశంలోకి పంపినారన్నాడు. దానికి ఆడ కూడెవరు పెడతారని అడిగినా. రేపు కనుక్కొనొస్తానన్నాడు, కనుక్కొనే వచ్చినాడు. అయ్యవారు నవ్వలేదంట. అది మళ్ళీ తిరిగి రాదని చెప్పినాడంట. ఆ పొద్దు మేమిద్దరం సరిగ్గా అన్నం తినలా.

కర్మలైపోయినాక మా మరిది వచ్చినాడు. పడవ వాళ్ళదే. "వల ఇయ్యి వదినా, నీ వంతు నీకు తెచ్చి పోస్తా," అన్నాడు. నేను ఇయ్యలా. ఇస్తే వంతొస్తది. వంతొస్తే మీ మామ మాట కూడా దాంతో పాటొస్తది. నాదంటే ఆయన మాట తీసేసినట్టు, లైబ్రరీదంటే నేనేం తినేది? ఆ మాట నేను తప్ప ఇంకెవరూ వినలా. గమ్మునున్నా.

ఇంకోటి కూడా ఉండాది. ఆయన జొరంతో పడవ దిగిన రోజు వేసిన వల అది. ఉప్పు కడగలా, ఎండెయ్యలా. ఆయన చేత్తో తడిపిన ఆఖరి నీళ్ళని, అట్లానే చుట్టి అటక మీద పెట్టినా. వలల మధ్య పుట్టినదాన్ని, అట్లా చుట్టిపెడితే నూలు వల ఏమవుద్దో నాకు తెలియదా? తెలుసు. తెలిసీ పెట్టినా. ఎండుచేపలు గంపకెత్తి, కొడవలూరు పక్క ఊళ్ళు తిరిగి, వడ్లకి మార్చుకోని బతికినా.

ఒకరోజు లైబ్రరీ ముందు పోతా ఉంటే అయ్యవారు నిలబెట్టి మంచీ చెడ్డా అడిగినాడు. ఆపుకోలేక ఉన్నది చెప్పేసినా.  ఆయన మెల్లగా, నువ్వున్నంత కాలం నువ్వే తినమ్మా, నీ తర్వాతే లైబ్రరీకి, పొలాలు కూడా అట్లానే రాసిస్తారు, కాగితం నేను రాస్తా అన్నాడు.

మీ మామ పోయినాక నేను నవ్వింది అప్పుడే. "అయ్యా, పొలమంటే పడుంటది. వల నీళ్ళల్లో దిగితే చిరగతది, దిగకపోతే కుళ్ళతది. నేను పోయేనాటికి మీకేం మిగలతది?"

అయ్యవారికి సిగ్గేసింది. "నేను సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినా, నాకు తెలియలేదమ్మా," అన్నాడు.

ఆ మాట ఆయనకి చెప్పి ఇంటికి పోతా ఉంటే నా మాటే నాకు తగిలింది. పోంగానే అటక మీద వల దించినా. పట్టుకున్న చోటల్లా పీచై ఊడొచ్చింది. తాళ్ళూ, అడుగున సీసపు గుండ్లూ మిగిలినాయి. అవునని చెప్పలా, కాదని చెప్పలా, ఊరికే చుట్టిపెట్టి మీ మామ మాటని కుళ్ళబెట్టినా. ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలా.

తాళ్ళూ గుండ్లూ గంపలో వేసుకోని మరిది కాడికి పోయినా, తిట్టించుకుందామని. ఆయన తిట్టలా. ఒక గుండు తీసి గోటితో గీకినాడు. దాని మీద కత్తితో పెట్టిన రెండు గీట్లుండాయి, మా ఇంటి గుర్తు. తుపానుకి కొట్టుకొచ్చిన వల ఎవరిదో తేల్చాలంటే మావాళ్ళు అల్లిక చూడరు, గుండ్ల మీద గుర్తే చూస్తారు.

"అల్లిక అన్న మూడుసార్లు మార్చినాడు, నువ్వు చూళ్ళా? గుండ్లు మా నాయన పోసినవి వదినా. వల ఇదే," అన్నాడు.

కావలి నుంచి నూలు తెప్పించినా. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేక లైబ్రరీ అరుగు మీదికి పోయి అల్లినా. వల అల్లేది మొగోళ్ళ పని, నా ముడులు వంకరపోతా ఉంటే మరిది విప్పి మళ్ళీ వేయించేవాడు. మా ఎదురింటామె, మొగుడు పోతే పేపరు వినే అరుగెక్కిందని నలుగురిలో అనింది. "వచ్చి రెండో కొస పట్టుకో, నీకూ వినపడతది," అన్నా. నాలుగు రోజులు ముఖం చాటేసి, అయిదో రోజు వచ్చి పట్టుకుంది.

వల దిగిన మొదటిరోజే, దాని వంతులో లైబ్రరీకీ పాలుందన్నానని ఇసక మీద తగాదా. వంతు తీసుకునేదానికి గంపతో మనిషి నిలబడాల, ఇల్లొచ్చి నిలబడతదా అన్నారు పెద్దలు.

"నేను నిలబడతా. ఒకరోజు నాకు, ఒకరోజు దానికి," అన్నా.

ఏ రోజు ఎవరిదో ఎట్లా తెలిసేదన్నారు. నా రోజు పాత గంప, దాని రోజు కొత్త గంప అన్నా. కొత్త గంప రోజే చేపలెక్కువ పడతన్నాయని తర్వాత నన్ను ఏడిపించేవాళ్ళు. ఒక్కోరోజు నిజంగానే ఎక్కువ పడేవి. అట్లాంటి రోజు కడుపు మండలేదని అబద్ధం చెప్పను. గంప మార్చలా, అంతే.

ఆ చేపలమ్మి లైబ్రరీకి మొదట చేయించింది బెంచీ. అరుగు మీదికి కాదు, లోపలికి. మావాళ్ళు కూర్చునేదానికి.

అప్పుడే అయ్యవారు కాగితం రాసినాడు. నా తర్వాత ఆ తాళ్ళూ గుండ్లూ లైబ్రరీవి, వాటికి ఎవరు అల్లిక కట్టి నీళ్ళల్లో దించినా వల వంతు మొత్తం లైబ్రరీది అని. ఆ అరుగు మీద కూర్చోని కూర్చోని నాలుగు అక్షరాలు నేర్చినా, వేలిముద్ర వెయ్యలా. ఆ సంతకం చూస్తే నీకు నవ్వొస్తది, గాలికి వంగిన సరుగుడు చెట్లు ఉన్నట్టుంటది.

కాగితంలో గుండ్ల సంగతే ఉండాది. ఎందుకిచ్చినామో లేదు. అందుకే నీచేత ఇది రాయిస్తా ఉండా. దీన్ని కూడా ఆ బీరువాలో పెట్టించు. ఇప్పుడు నైలాను దారమొచ్చింది, ఏ దారమైనా కట్టుకోండి. గుండ్లు మాత్రం కరగబెట్టబాకండి.

ఇంక చదువు పాపా, మొదటి నుంచి. మీ మామ అడిగినదాని కాడ కాస్త ఆగు. గంజి తాగమన్నా గదా, దాని పక్కన 'సరే' అని చేర్చినావేమో చూడు. నేనప్పుడు అనలా. చదువు, వింటా.