ముఖం ముడిచి కొన్న నవల

ఒక నవలను నేను ఊరికే కొన్నాను. రూపాయి పెట్టలేదు. అమ్మినావిడ చేతే టీ డబ్బులు కూడా ఇప్పించాను. మదనపల్లె బట్టల బజారులో ఇంతకన్నా మంచి బేరం చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే రమ్మనండి, లేచి నా కుర్చీ ఇస్తాను.

ఇట్లా గొప్పగా మొదలుపెడితే తప్ప నాకు నోరు పెగలదు. ఏళ్ళుగా మోస్తున్న బరువు ఇది. కొట్లో బట్టల మూట ఎత్తి నాలుగడుగులు వేశాక నడుం పట్టేస్తే, కిందికి దించి, గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడతాం. అట్లా నిలబడాలని ఉంది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళయితే ఎంత తగ్గించి చెప్తే చెల్లుతుందా అని చూస్తాను, ఆ బుద్ధి నాకు పుట్టుకతో వచ్చింది. పేర్లు మార్చాను. ఊళ్ళ పేర్లు మార్చబుద్ధి కాలేదు.

మాది పుంగనూరు. నాన్నకు అక్కడ బట్టల కొట్టు. పట్టుచీరలు తేవడానికి మదనపల్లెలో మగ్గాల దగ్గరికి పోతూ నన్నూ వెంటబెట్టుకుని పోయేవాడు. నచ్చిన చీర మీద చెయ్యి వేయకూడదన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. దాని పక్కనున్న చీర తీసి, మడత విప్పి, అంచు బాగుందని మెచ్చుకోవాలి. ఇంక లేచిపోతున్నట్టు లేచి, అప్పుడు, ముఖం ముడిచి, నచ్చినదాన్ని వేలితో చూపించి, 'ఇదెవరు కడతార్లే' అనాలి. నేసినాయనకూ ఈ ఆట తెలుసు. ఆయన ఆ చీరను మడిచి బీరువాలో పెట్టేసేవాడు. నాన్న చెప్పులు తొడుక్కునేవాడు. మళ్ళీ విప్పేవాడు. చివరికి ఇద్దరూ టీ తాగుతూ నవ్వుకునేవాళ్ళు.

ఆ ఆటకు ఇద్దరు కావాలి. ఆ మాట నాన్న చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకున్నాడేమో.

భారతి నా కాలేజీ స్నేహితురాలు. ఆమెదీ పుంగనూరే. తల్లి చిన్నప్పుడే పోతే అక్క రెడ్డెమ్మ పెంచింది. ఒక ఆవు, ఒక పాలక్యాను, దాంతోనే చెల్లెల్ని చదివించింది. మా ఇంటికీ ఆమే పాలు పోసేది. కొలత అయిపోయాక మా అమ్మ గిన్నె కదల్చకుండా అట్లే పట్టుకుని నిలబడేది. రెడ్డెమ్మక్క నవ్వి ఇంకొంచెం వంచేది. కొసరు తీసుకోవడం తెలిసిన మనిషినని మా అమ్మకు గర్వం. ఆ కొసరు పాలు మా ఇంటికని అక్క ముందే వేరుగా ఉంచుకుని వచ్చేదని నాకు చాన్నాళ్ళకు తెలిసింది.

భారతికి కుప్పంలో ఉద్యోగం వచ్చింది. ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్తుంది. వచ్చి తన గది చూడమని అక్కను ఎన్నిసార్లు పిలిచిందో. ఆవును ఎవరికి విడిచి వచ్చేది పాపా, వచ్చే నెల వస్తాలే అనేదట రెడ్డెమ్మక్క. ఒక వానాకాలం జ్వరం వచ్చింది, తగ్గలేదు. కుప్పం చూడకుండానే పోయింది.

ఆ తర్వాతి చలికాలంలోనే మేము నవలలు రాయడానికి పూనుకున్నాం. ఫోనులో ఒక గుంపు ఉండేది, పుస్తకాలు చదివేవాళ్ళది. వాళ్ళు పందెం పెట్టారు: నెల రోజుల్లో నవల చిత్తుప్రతి పూర్తి చేయాలి. బాగుందా లేదా అని వెనక్కి తిరిగి చూడకూడదు, రాసుకుంటూ పోవాలి. పెళ్ళయి మదనపల్లెకు వచ్చినప్పటి నుంచీ మా వారితో పాటు కొట్లో కూర్చునేదాన్ని. గిరాకీ లేని రోజులవి. ఊరికే వచ్చేదాన్ని వదులుకోను కదా, చేరాను. భారతినీ చేర్చాను.

నేను మొదలుపెట్టింది ఒక బట్టల కొట్టు కథ. వారం తిరక్కుండానే చతికిలబడింది. నా మనుషులందరూ ధరలు అడిగి వెళ్ళిపోతున్నారు, ఎవరూ ఏమీ కొనడం లేదు.

భారతిది బస్సు కథ. తెల్లవారుజామున మదనపల్లెలో బయల్దేరుతుంది. రోడ్డు కనిపించనంత మంచు. పుంగనూరులో ఒకామె క్యాను పట్టుకుని ఎక్కుతుంది. కుప్పానికి ఒకటి అంటుంది. టిక్కెట్టును కుంకుమ పొట్లంలా అరచేతిలో మూసుకుంటుంది. అంతే కథ. రాసే రోజుకొక అధ్యాయం, అధ్యాయానికొక స్టాపు. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు తాము కలలో చూసుకున్న చోట దిగిపోతారు, ఒకడు తను కట్టని ఇంటి ముందు, ఒకామె తను తవ్వించలేని బావి దగ్గర. బస్సులో ఉన్నంతసేపూ ఎవరూ చచ్చిపోయినవాళ్ళు కారు. నెలాఖరుకు బస్సు కుప్పం చేరుతుంది, అక్క దిగుతుంది. భారతి ఆ పందెంలో చేరింది అందుకొక్కదానికే. అక్కను కుప్పంలో దించాలి.

ఆ మొదటి అధ్యాయం ఫోనులో చదివి, కొట్లో నిలువుటద్దం ముందుకు పోయి కళ్ళు తుడుచుకున్నాను. ఈ ఒక్క మాటా గుర్తుపెట్టుకోండి. ఆ సరుకు విలువ నాకు తెలుసు. తెలిసే చేశాను.

నెల సగం గడిచాక ఒక ఆదివారం. పోయిన అక్క ఇల్లు ఊడ్చుకోవడానికి భారతి పుంగనూరు వచ్చింది. నేను నాన్నను చూడ్డానికి వెళ్ళాను. బస్టాండు దగ్గర టీకొట్టు ముందు నిలబడ్డాం.

"సదివినావా మే?" అంది.

"సదివినా."

"ఎట్లుండాది? నిజం సెప్పు. నువ్వయితే మొగమాటం లేకుండా సెప్తావనే నీకు పంపిస్తాండా."

నేను పక్క చీర మీద చెయ్యి వేశాను.

"కండక్టరు బాగుండాడు. సిల్లర లేదని గొణుగుతానే ఉంటాడే, వాణ్ణి ఇంకా పెంచు."

"మా అక్క?"

టీ గ్లాసులోకి చూశాను. ముఖం ముడిచాను. "మీ అక్క క్యాను పెట్టుకోని కూసోనుండేదే గదా. ఏం సేస్తాది ఆయమ్మ? ఎవురు సదువుతారు భారతీ దీన్ని?"

ఇప్పుడు ఆమె చీర మడిచి బీరువాలో పెట్టాలి. నీకేం తెలుసు పోవే, రేట్లు తప్ప అనాలి. నేను చెప్పులు తొడుక్కోవాలి. అప్పుడు నేను దిగివచ్చి, సరే గానీ బాగుంది, నాకు కాస్త ఇవ్వు, ఇద్దరం కలిసి రాద్దాం అనేదాన్నేమో. అనేదాన్నా? ఆ ముక్క నేను తర్వాత కల్పించుకున్నానా? తెలీదు. అప్పటికి నా మనసులో ఏముందో ఇప్పుడు ఎంత తవ్వినా, నాకు అనుకూలమైన మట్టే బయటికి వస్తోంది.

భారతి బేరమాడే ఇంట్లో పుట్టలేదు. వాళ్ళ పెద్దలు టమాటాలు పండించి, మార్కెట్టులో బుట్టల పక్కన నిలబడి, వేలంపాటలో ఎంత పలికితే అంతకు తలూపి ఇంటికి పోయేవాళ్ళు. పాడినవాడు ముఖం ముడిచాడంటే కాయ బాగాలేదనే వాళ్ళకు అర్థం. ఆమె కూడా తలూపింది.

"నాకూ అట్లనే అనిపిస్తా ఉండాది మే," అంది. "బస్సు గంగవరం దాటినాంక సెయ్యి ఆడ్డంలే. అక్క మింద పాసంతో బాగుండాదనుకున్నానేమో."

నేను ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు. మాట్లాడకుండా ఉండటం కూడా బేరంలో ఒక ఎత్తే.

"నీది ముందుకు పోలేదంటివే. నీకేమన్నా పనికొస్తాదా ఇది?"

"సూస్తాలే. పారేసే బదులు."

"తీసుకో. నీ సేతిలోనన్నా బాగుపడనీ."

కుప్పం బస్సు వచ్చింది. టీకి డబ్బులిచ్చి ఎక్కేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఇంత తక్కువకు ఇంత మంచి సరుకు దొరికినప్పుడు కడుపులో ఒక వెచ్చదనం పుడుతుంది. వ్యాపారం చేసినవాళ్ళకు తెలుస్తుంది అది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ వెచ్చదనంతోనే నిలబడి ఉన్నాను.

ఆ నెలలో మిగిలిన రోజులు నాకు కలలాగే గుర్తున్నాయి. పొద్దున షట్టరు ఎత్తకముందే కూర్చునేదాన్ని. కొండ మీంచి మంచు దిగి బజారంతా పాలలో తడిసినట్టు ఉండేది. రాస్తుంటే బస్సు తనంతట తానే నడిచేది. పలమనేరులో ఆగింది, వి.కోటలో ఆగింది. కండక్టరు చిల్లర లేదన్నాడు. రెడ్డెమ్మక్క మాత్రం నేనెంత పిలిచినా నా వైపు తిరగలేదు. కిటికీలోకి చూస్తూ కూర్చుంది. ఆమె ముఖం ఎట్లా ఉండేదో నాకు బాగా తెలుసు, ఆమె పోసిన పాలు తాగి పెరిగాను, అయినా కాగితం మీద వెనక జుట్టు ముడే తప్ప ముఖం రాలేదు. కుప్పం వచ్చేసరికి ఏం చేయాలో తోచక సీటు ఖాళీగా పెట్టాను. చెల్లెలు బస్సెక్కి చూస్తుంది. పుంగనూరులో ఎవరూ ఎక్కలేదే అంటాడు కండక్టరు. చేతకాక అట్లా రాశాను. అందరూ ముగింపు అద్భుతమన్నారు.

పుస్తకం అచ్చయింది. మదనపల్లెలో చిన్న సభ పెట్టి శాలువా కప్పారు. అది మా కొట్లోదే. అసలు ధర నాకు తెలుసు, వాళ్ళకు మా వారు ఎంతకు అంటగట్టారో కూడా తెలుసు. భారతి కుప్పం నుంచి వచ్చి మూడో వరుసలో కూర్చుంది. అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది. పక్కవాళ్ళతో, తను పారేసిన దాన్ని తన స్నేహితురాలు నవల చేసిందని సంబరంగా చెప్తోంది. ఎవరూ పట్టించుకోలేదు. అదేదో మర్యాదకు అంటున్న మాటనుకున్నారు.

వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుంది. "అక్క దిగుతాదేమోనని కడదాకా సూసినా మే," అంది. "సీటు కాళీగా పెట్టినావు. అదే కరెక్టేమోలే. నీకు తెలిసినట్టు నాకు తెలీదు."

ఆ తర్వాత ఆమె ఏమీ రాయలేదు. ఎప్పుడైనా అడిగితే, నాకు రాదులే మే అని నవ్వుతుంది. ఆ నవ్వులో బాధ ఉంటే బతికిపోదును. లేదు. ఎప్పుడో ఎవరో కొలిచి చెప్పిన తన ఎత్తులా, తన గురించి తనకు తెలిసిన ఒక సంగతిలా ఆ మాట అంటుంది.

నేను దొంగిలించానా? ఆమే ఇచ్చింది కదా. ఎన్నో ఏళ్ళు ఈ మాట పట్టుకుని వేలాడాను. కథ ఆమె ఇచ్చిందే. కానీ ఆ కథ ఏ పాటిదో నా నోటితో చెప్పమని అడిగింది. నిజం చెప్తానని నమ్మి అడిగింది. నేను కొనేదాన్నని ఆమెకు తెలీదు.

ఒకసారి చెప్పేద్దామని కుప్పం వెళ్ళాను. తెల్లవారుజామున బస్సు, అదే మంచు. పుంగనూరు దాటాక కునుకు పట్టింది. పక్క సీట్లో ఎవరో కూర్చున్నట్టు, కాళ్ళ దగ్గర క్యాను చల్లగా తగులుతున్నట్టు ఉంది. ఇంకెంత దూరం పాపా అని అడిగినట్టుంది. వచ్చేసిందక్కా అన్నాను. కళ్ళు తెరిస్తే సీటు ఖాళీ. ఖాళీగా పెట్టింది నేనే కదా.

భారతి అన్నం పెట్టింది. గది చూపించింది. అక్క వచ్చుంటే ఈ కిటికీ దగ్గర కూసోబెట్టేదాన్ని అంది. నోటిదాకా వచ్చింది. ఈరోజు చెప్తే, ఆమె రాయగలిగి కూడా రాయకుండా పోయిన ఇన్నేళ్ళకూ నేను జవాబు చెప్పాలి. పెరుగు వేయించుకుని తిని, సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

ఇప్పుడు మీకు చెప్పాను. తేలిగ్గా ఉంది, అబద్ధమెందుకు. కానీ ఈ తేలిక కూడా నాకే. ఇందులో ఆమెకు దక్కింది ఏమీ లేదు.

ఇంక లెక్క తేల్చాలి, ఈసారి ముఖం ముడవకుండా. నాకు ముట్టింది ఒక పుస్తకం, మా కొట్టు శాలువా ఒకటి, మంచి రచయిత్రి అనే పేరు. భారతికి ముట్టింది తనకు రాయడం రాదన్న నమ్మకం. అది నేనే అమ్మాను, పుంగనూరు బస్టాండులో, టీ తాగుతూ. పోయింది ఆమె రాయాల్సిన ఒక్క అధ్యాయం, అది నేను రాయలేనిది, రాయాలని చూసి చేతకానిది. దానికి మారు పెట్టడానికి నా కొట్లో ఏమీ లేదు. మా ఇంటి గిన్నెలో ఏళ్ళ తరబడి కొసరు వంచిన మనిషి ఇంకా గంగవరం దాటిన మంచులోనే ఉంది, క్యాను కాళ్ళ దగ్గర పెట్టుకుని, అరచెయ్యి మూసుకుని. టిక్కెట్టు మాత్రం కుప్పం దాకా తీసుకుంది.