బావగారి ఎనిమిది నాబ్‌లు

మా బావ ఆఫీసులో గుమాస్తా, ఇంట్లో మేధావి. ఏడాదిపాటు అన్నాలు తినే బల్లను ఆక్రమించి, సర్క్యూట్ బోర్డులకు టంకం పెట్టి, వరసగా ఎనిమిది స్వరాలు పలికే పెట్టె చేశాడు. ఒక్కో స్వరానికీ తిప్పడానికి ఒక్కో నాబ్; ఏది తిప్పితే దాని స్వరం పైకీ కిందకీ మారుతుంది.

చుట్టాలందర్నీ కూర్చోబెట్టి స్విచ్ వేశాడు.

"కూ, కూ, కూ, కూ."

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని! చూడ్డానికి అందంగా ఉండాలని నాబ్‌లన్నిటినీ నిటారుగా ఒకే వైపుకు తిప్పిపెట్టాడు మహానుభావుడు; దాంతో ఎనిమిదీ ఒకే స్వరమైపోయాయి.

విసిగిపోయిన మా అక్క లేచి, నాలుగు నాబ్‌లు అటూ ఇటూ తిప్పింది. పాట పుట్టింది. అందరం చప్పట్లు కొట్టాం.

బావ ముఖం మాడిపోయింది.

"ఏంటే ఆ వంకర? చూడు, ఎంత అసహ్యంగా ఉందో!"

అన్నిటినీ మళ్లీ నిటారుగా సర్ది, "కూ, కూ" అంటున్న పెట్టె పక్కన నిలబడి, ఫొటో తియ్యమని ఫోను నా చేతికిచ్చాడు.